మా తోడికోడలి సూర్యదేవత

పోయిన ఆదివారం పొద్దున్న ఇంకా కాఫీ గొంతు దిగకముందే జార్జియాలోని కమ్మింగ్ నుంచి మా మరిది కూతురు ఫోన్ చేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల, తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ ‘ళ’ అన్నదల్లా దాని నోట్లో ‘ల’ అయిపోతుంది. స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారట, ఏదైనా ఒక దేశపు దేవతను తీసుకుని ఆ దేవత వెనకాల చరిత్ర ఏమైనా ఉందేమో వెతికి రాయాలట, ఇది జపాన్ వాళ్ళ సూర్యదేవతను ఎంచుకుందట. వాళ్ళమ్మని అడిగితే, నాకేం యాది లేదు బిడ్డా, మీ పెద్దమ్మని అడుగు, ఆమెకు అన్నీ తెలుసు అందట. నేను సరే అని మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా ముప్పావుగంట చెప్పాను. చివర్లో అది, పెద్దమ్మా, నువ్వు ప్రొఫెసర్ అవ్వాల్సింది, అని మెచ్చుకుని ఫోన్ పెట్టేసింది. కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేసుకోబుద్ధి కాలేదు.

నేను చెప్పిన దానిలో ఒక్క ముక్క నాది కాదు. అదంతా వాళ్ళమ్మది, అంటే మా తోడికోడలిది. యాది లేదని ఆ పిల్లతో అన్నదే, ఆమెది. నా వయసువాళ్ళు చాలామంది ఇలాంటి జ్ఞాపకాలు రాసేటప్పుడు తాము పడిన కష్టాలు రాస్తారు, చేసిన మంచి రాస్తారు. నేను చేసిన చెడ్డపని రాద్దామని కూర్చున్నాను, ఆమె చదివితే చదవనీ.

మేము న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చింది రెండువేల ఒకటిలో. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీ సీటు కూడా సంపాదించుకుని, మా వారికి మందుల కంపెనీలో ఉద్యోగం రావడంతో ఆ సీటు వచ్చే ఏడాది చూసుకుందాంలే అని వదిలేసి వచ్చినదాన్ని. ఆ వచ్చే ఏడాది ఏటా వచ్చి వెళ్ళిపోయింది. చివరికి నేనూ ఒక ల్యాబ్‌లో మాత్రలు నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతాయో టైము చూసి రాసుకునే పనిలో చేరాను. చెడ్డ ఉద్యోగమేమీ కాదు, కానీ రోజంతా గడియారం చూసే పనిలో మనిషి తన గడియారం కూడా చూసుకుంటుంది గదా, అదొక్కటే బాధ.

ఆరేళ్ళ తర్వాత మా మరిది పెళ్ళి చేసుకుని భార్యను తీసుకొచ్చాడు. మాది గుంటూరు వైపు, ఆ అమ్మాయిది వరంగల్. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జపాన్ క్లయింట్లకు ఉత్తరాలు తర్జుమా చేసేది, అందుకోసం నేర్చుకున్న భాష అంటే ఆమెకు పిచ్చి పట్టింది. ఇల్లు కొనుక్కునేదాకా అని ఇద్దరూ మా టౌన్‌హౌస్‌లోనే పైగదిలో ఉన్నారు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఆడపిల్లలు ఆ రోజుల్లో ఏం చేసేవాళ్ళో మనకు తెలుసు, కూరలు తరుక్కుంటూ ఏడ్చేవాళ్ళు. ఈమె ఏడవలేదు. ఏడాది తిరక్కుండా చదువుకునేవాళ్ళ ఎఫ్-1 వీసాకి మార్చుకుని, నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో జపాన్ ప్రాచీన మతాల మీద మాస్టర్స్‌లో చేరిపోయింది. డ్రైవింగ్ ఇంకా రాదు, బస్సులు లేవు. శని, ఆదివారాలు లైబ్రరీకి తీసుకెళ్ళింది నేనే, తిరిగొస్తూ మనవాళ్ళ కొట్లుండే ఐసెలిన్‌లో ఆగి కూరగాయలు కొనుక్కునేవాళ్ళం, ఆ దారంతా ఆమె అమతెరాసు అనే ఆ దేవత గురించి చెప్పేది.

కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సూర్యదేవత నేతశాలలో ఉండగా ఆమె తమ్ముడు ఆగడం చేసి చర్మం ఒలిచిన గుర్రాన్ని పైకప్పులోంచి విసిరేస్తాడు, ఒక నేతగత్తె చచ్చిపోతుంది, దేవత అలిగి గుహలోకి వెళ్ళి బండ అడ్డం పెట్టుకుంటుంది, లోకం చీకటైపోతుంది, తక్కిన దేవతలంతా గుహ ముందు ఆటాపాటా పెట్టి ఆమెను బయటకు రప్పిస్తారు. మన పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది. మా తోడికోడలికి మాత్రం ఆ అలక మీద నమ్మకం లేదు. అసలు మొదట్లో సూర్యుడు మగ దేవుడే కావచ్చునట, ఆయనకు బట్టలు నేసి, నైవేద్యం పెట్టి, ఆయన కోసం కనిపెట్టుకుని ఉండే పూజారిణే కాలం గడిచేకొద్దీ దేవత అయిపోయి ఉండవచ్చునట, అలా అనే పండితులున్నారట. పాత చైనా చరిత్రలో జపాన్‌ను ఏలిన ఒక రాణి గురించి ఉందట. ఆమె ఎవరి కంటా పడకుండా లోపలే ఉండేదట, వెయ్యిమంది దాసీలు ఉన్నా అన్నం పట్టుకెళ్ళి ఆమె మాట బయటికి చెప్పేది ఒక్క మగవాడేనట, రాజ్యం చూసేది తమ్ముడట. ఆమె చనిపోతే పెద్ద మట్టిదిబ్బ కట్టి, వందమందికి పైగా సేవకులను ఆమెతో పాటే పూడ్చారట. ఆ తర్వాత మగవాణ్ణి రాజును చేస్తే జనం ఒప్పుకోక ఒకరినొకరు చంపుకున్నారట, పదమూడేళ్ళ పిల్లను తెచ్చి రాణిని చేశాకే సద్దుమణిగిందట. సూర్యదేవత ఈ రాణేనని కొందరంటారు, కాదు, చాలా తర్వాత మనవడికి సింహాసనం ఇవ్వదలచిన ఒక మహారాణి కాలంలో ఈ కథకు రంగులు వేశారని మరికొందరంటారు, తేల్చి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ రాణి పోయిన ఏళ్ళలోనే ఆ వైపు సూర్యగ్రహణాలు పట్టాయని లెక్కలు కట్టినవాళ్ళు ఉన్నారట. సూర్యుణ్ణి కాపాడలేకపోయిందని ఆమెను జనమే చంపేసి ఉంటారని ఊహించినవాళ్ళూ ఉన్నారట, రుజువు మాత్రం లేదట. ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అలిగి పోయిందంటరు గానీ అక్కా, నాకైతే నమ్మబుద్ధి కాదు. లోపల పెట్టి మూసేసిన్రు. తర్వాత బయటికొచ్చిన ఆమె వేరే. మూసినోళ్ళే కథ రాసుకున్నరు, అందుకే అది అలక అయింది."

నాకు మొదట్లో ఆమె మాటలు వినడం ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. ల్యాబ్‌లో మాత్రలు కరుగుతుంటే ఆ రాణి గురించి ఆలోచించుకునేదాన్ని. ఆ ఇష్టం ఎప్పుడు విరిగిందో కూడా నాకు తెలుసు. ఆమె ప్రొఫెసర్ పీహెచ్‌డీకి తీసుకుంటానన్నాడని, ఐదేళ్ళ ఫెలోషిప్ ఒక్కటే ఉందని, కమిటీ ముందు ఇంటర్వ్యూ ఇస్తే దాదాపు వచ్చినట్టేనని మా మరిది స్వీట్లు పట్టుకొచ్చిన రోజు. అప్పటికామెకు ఐదో నెల. కడుపుతో ఉన్నా చదువుకుంటుంది, అదీ పట్టుదలంటే, అని మా వారు ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు. ఆయన పక్కన కూర్చున్న నేను ఒకప్పుడు సీటు వదులుకున్నానన్న సంగతి ఆయనకు తట్టనైనా తట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద మండాల్సింది ఆమె మీద మండింది. అంత దగ్గర మనిషి మీద అసూయ పుడితే ఎంత నీచంగా ఉంటుందో పడినవాళ్ళకే తెలుసు, ఆమె నవ్వు వినపడినా నాకు గిట్టేది కాదు.

డిసెంబరులో మా అత్తగారు వచ్చారు, పురుడు దాకా ఉండడానికి. పెద్దగా చదువుకోలేదు, ఇంగ్లీషు ముక్క రాదు, కానీ సాధించే మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పెట్టెలో కొత్త ఏడాది తెలుగు క్యాలెండర్ తెచ్చుకుని వంటింట్లో తగిలించారు. ఆ ఏడాది కనుమ నాడే అమావాస్య, సూర్యగ్రహణం. పదకొండుంబావుకు పట్టి మూడు దాటాక విడుస్తుందని క్యాలెండర్లో ఉంది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే ఇంటర్వ్యూ. అత్తగారి అక్క బిడ్డ గ్రహణం మొర్రితో పుట్టి, పాలు తాగలేక నెల తిరక్కుండానే పోయింది. ఆ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని దూదితో పాలు పిండింది మా అత్తగారేనట. అందుకని గ్రహణమంటే ఆవిడకు చెప్పలేనంత భయం.

ముందురోజు సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఆవిడ ఒక్కరే వంటింట్లో ఉన్నారు. క్యాలెండర్ వైపు చూపిస్తూ మెల్లగా అడిగారు. "అమ్మాయ్, ఇది మన ఊళ్ళో పట్టేదేనా, ఇక్కడ కూడా ఉంటుందా? నువ్వు సైన్సు చదివినదానివి, కాస్త చూసి చెప్పు. ఇక్కడ లేదంటే ఇబ్బందే లేదు, పిల్ల హాయిగా వెళ్ళి ఆ పరీక్షేదో రాసుకుని వస్తుంది."

నేను చూసే ఉన్నాను. ఆ మధ్యాహ్నమే ఆఫీస్ కంప్యూటర్‌లో, ఎందుకో తోచి, చూశాను. అది ఇండియా టైము, మాకు ఇక్కడ అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారకముందే అయిపోతుంది, అమెరికాలో కనిపించనే కనిపించదు. అందులో అర్థం కానిదేమీ లేదు. నేను చేతులు కడుక్కుంటూ, ఇక్కడా ఉందండీ, అదే టైము, అన్నాను. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, పైకి వెళ్ళి బట్టలు మార్చుకున్నాను. మనసు మార్చుకోవడానికి తెల్లారేదాకా సమయం ఉంది, మార్చుకోలేదు.

అత్తగారు ఎవరు చెప్పారన్నది చెప్పకుండానే ఇక్కడా గ్రహణం ఉందట అన్నారు. ఆ అమ్మాయి ఉందో లేదో వెతకను కూడా వెతకలేదు, ఆమెకు ఆ ధ్యాసే లేదు. వారం రోజులుగా నిద్ర లేదు, రెండు గంటలు చీకట్లో పడుకోమంటే పండగే అని నవ్వింది, పెద్దావిడ భయపడుతుంటే కొట్లాడడం ఎందుకంది. అత్తగారు కూడా సగం దిగివచ్చారు, ఒంటిగంటకు తల మీద శాలువా కప్పుకుని, గరాజ్‌లోనే కారెక్కి, ఆకాశం వంక చూడకుండా వెళ్తే సరే అన్నారు. డ్రైవ్ చేయాల్సింది నేను, దానికోసమే సెలవు పెట్టాను. పదకొండింటికి పైగదిలో బట్టలు పెట్టుకునే, కిటికీ లేని వాకిన్ క్లోజెట్‌లో దుప్పటి పరిచి పడుకోబెట్టారు. ఫోన్ దగ్గర ఉండకూడదని అత్తగారంటే తీసి నా చేతిలో పెట్టింది. "నాకు నిద్ర పట్టేస్తదేమో అక్కా, ఒంటిగంటకి లేపండి," అని తలుపు వేసుకుంది.

కింద అత్తగారు పాల గిన్నె మీద, పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, కర్టెన్లన్నీ మూసి, పూజ దగ్గర జపం చేసుకుంటున్నారు. నేను వంటింటి టేబుల్ దగ్గర కారు తాళం, ఆమె ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. కర్టెన్ పక్కసందులోంచి వెలుతురు పడుతోంది, బయట మంచు మీద ఎండ కళ్ళు పొడిచేస్తోంది. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. ఇప్పుడు లేస్తాను, ఇప్పుడు లేస్తాను అనుకున్నాననీ కాళ్ళు కదలలేదనీ రాస్తే మీరు నమ్ముతారు గానీ అది అబద్ధం. నేను లేవదలచుకోలేదు. ఒకటిన్నర దాటితే ఇక అందుకోలేమని లెక్క చూసుకుంటూ కూర్చున్నాను. రెండుంబావుకు ఫోన్ మోగింది, డిపార్ట్‌మెంట్ పేరు వచ్చింది. దాన్ని బోర్లా తిప్పి, మోగి మోగి ఆగిపోయేదాకా చేయి దాని మీద పెట్టాను.

ఫోన్ చప్పుడుకు అత్తగారు జపం మధ్యలోంచి లేచి వచ్చారు. పిల్ల వెళ్ళలేదా అన్నారు. నాకు కునుకు పట్టేసిందండీ అన్నాను. ఆవిడ నా మొహం చూసి, వెళ్ళి కర్టెన్ జరిపారు. ఎండ నేల మీద పరుచుకుంది. ఎక్కడా నీడ లేదు, మసక లేదు. గ్రహణం పట్టలేదేమిటమ్మా అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు, తర్వాత మోకాళ్ళ నొప్పులతో ఒక్కొక్క మెట్టూ పట్టుకునే మనిషి రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తారు. తలుపు తీసిన చప్పుడు, ఆ అమ్మాయి టైమెంతయింది అని అడగడం, రెండూ నాకు కింద కూర్చునే వినిపించాయి.

ఆ అమ్మాయి కిందికి వచ్చి వెంటనే డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసింది. కమిటీ రెండుంబావుదాకా చూసి రెండో అభ్యర్థిని లోపలికి పిలిచేసింది, ఆ తర్వాత ఇక కూర్చోదన్నారు. ఉన్న సీటు ఒక్కటే, సాయంత్రానికి ఇచ్చేశారు. ఒంట్లో బాగాలేదని చెప్పమని మా మరిది అన్నాడు గానీ ఆమె ఉన్నదున్నట్టే ప్రొఫెసర్‌కు రాసింది, ఆయన మర్యాదగానే వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించమని జవాబిచ్చాడు. వచ్చే ఏడాది అనే మాట ఎలాంటిదో ఆ ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.

సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చిన మరిది ల్యాప్‌టాప్ తెరిచి చూసి, అమెరికాలో గ్రహణమే లేదు, ఇండియాలో పట్టి విడిచేసరికి మనం నిద్రలో ఉన్నాం అన్నాడు. మా వారు నెత్తి కొట్టుకున్నారు. నాకు కునుకు పట్టిందన్న మాట అప్పటికే అందరూ నమ్మేశారు, అందుకని అత్తగారి వైపే తిరిగారు. ఆ అమ్మాయి అంతవరకూ ఎవరినీ ఒక్క మాట అనలేదు, అప్పుడు మాత్రం అంది. "మీ గ్రహణం మీ ఊళ్ళనే అయిపోయింది అత్తమ్మా, రాత్రే. అది విడిచినంకనే పొద్దుగాల మీరు నా చేత ఆపిల్ పండు కూడా కోయించిన్రు."

అత్తగారు నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపులో కోపం లేదు, నన్ను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు, అంతే. తర్వాత కోడలి ముందుకు వెళ్ళి, నాదే పొరపాటమ్మా, క్యాలెండర్లో ఉన్న టైమే ఇక్కడిదీ అనుకున్నాను, చదువు లేని దాన్ని, అన్నారు. నేను నోరు తెరవలేదు. ఆ రాత్రి అందరికీ వడ్డించాను, ఆమె తిననంటే బతిమాలి నాలుగు ముద్దలు తినిపించాను, ఎంత మంచి అక్కవో అని మా మరిది చేతులు జోడించాడు. దానికంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

బిడ్డ ఏప్రిల్‌లో పుట్టింది, చక్కగా, ఏ వంకా లేకుండా. మాస్టర్స్ ఎలాగో పూర్తి చేసింది గానీ మళ్ళీ దరఖాస్తు పెట్టలేదు. కార్లో పక్కన కూర్చునేది, ఏవేవో మాట్లాడేది, ఆ రాణి ఊసు మాత్రం ఎత్తలేదు, నేనూ అడగలేదు. రెండేళ్ళకు మరిదికి జార్జియాలో ఉద్యోగం వచ్చి కమ్మింగ్ వెళ్ళిపోయేటప్పుడు జపాన్ పుస్తకాలు మూడు పెట్టెలు తీసి లైబ్రరీలో ఇచ్చేయమంది, నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. ఇప్పుడామె అక్కడ ఒక స్కూల్ ఆఫీసులో పిల్లల హాజరు చూసుకుంటుంది. సంతోషంగానే ఉన్నానంటుంది.

అత్తగారు జూన్‌లో తిరిగి వెళ్ళారు. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను, మా వారు టికెట్ల పనిలో ఉన్నారు. ఏదో ఒకటి అనాలని గొంతు సవరించుకుంటే ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపారు. "నేను వెళ్ళిపోయేదాన్ని అమ్మాయ్, మీరిద్దరూ ఒక ఇంట్లో ఉండాల్సినవాళ్ళు. మాట నా మీద ఉంటేనే మంచిది. ఎందుకు చేశావని అడగను, చెప్పకు." చెప్పలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు, ఫోన్లో ఎప్పుడూ ఆ ప్రసక్తి రాలేదు. రెండువేల పద్నాలుగులో పోయారు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో అది హాస్యం. ఎవరింట్లో కలిసినా ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, ఇండియా టైముకి అమెరికాలో గ్రహణం పట్టించిన నాయనమ్మ అని. చెప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెం పెరుగుతుంది. మొన్నటి కథలో మా తోడికోడలే కోపం వచ్చి క్లోజెట్‌లో తలుపేసుకుందట, నాయనమ్మ ఎంత బతిమాలినా బయటకు రాలేదట. ఆమె ఖండించదు, పిల్లలతో పాటు నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. పోయినావిడ మాత్రం ఏ ఏటికా ఏడు మరింత మూర్ఖురాలవుతోంది.

కాలం మారింది. గ్రహణం వస్తోందంటే ఫోన్లే వారం ముందు చెప్పేస్తాయి, మన వీధి పేరు కొడితే చాలు, మన వాకిట్లో పడుతుందో లేదో, పడితే ఎన్ని నిమిషాలో చూపిస్తాయి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూడా అది చూసుకుని, ఇక్కడ లేదులే అని నిశ్చింతగా అన్నం తింటారు. మనం వచ్చిన కొత్తలో అలా కాదు గదా, ఏ మందు వేసుకోవాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టాలో, ఏ కూడలి దగ్గర ఎటు తిరగాలో అన్నీ తోటివాళ్ళను అడిగి, వాళ్ళ మాట మీద నడిచినవాళ్ళం. ఆ అడగడాలూ చెప్పడాలూ పోయాయని మన వయసువాళ్ళు బెంగపడుతుంటే నేనూ తలూపుతాను, ఆ బెంగ నాకూ నిజంగానే ఉంది. కానీ ఆ రోజుల్లోనే మా అత్తగారు తనకు తెలియనిది తెలుసుకోవడానికి ఇంట్లో చదువుకున్న మనిషి దగ్గరికి వచ్చి అడిగారు, ఆ మనిషిని నేను.